తాలు ఊది చూడండి: పెట్టిన అసలు పోకూడదనుకునేవాళ్లు షేరు కొనే ముందు కంపెనీని ఎలా చూడాలి

మిర్యాలగూడలో రైస్ మిల్లుల లెక్కలు రాయడం నా పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను. కల్లం నుంచి ట్రాక్టర్ వచ్చి ఆగగానే మిల్లు గుమాస్తా ముందు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తీస్తాడు. అరచేతిలో పోసుకుని ఊదుతాడు. తాలు ఎగిరిపోతుంది. మిగిలిన గింజల్లో ఒకటి పంటి కింద పెట్టి కొరికి తేమ ఎంతుందో చూస్తాడు. ధర మాట ఆ తర్వాతే ఎత్తుతాడు. షేర్లు కొనేవాళ్లలో చాలామంది ముందు ధర అడుగుతారు, తర్వాత ఇంకెంత పెరుగుతుందని అడుగుతారు. బస్తాలో చెయ్యి పెట్టేవాళ్లు తక్కువ.

మా వీధిలో ఉండే లెక్కల సార్ రిటైరయ్యాక ఒకరోజు మా ఇంటికి వచ్చారు. "పైసలన్నీ ఎఫ్‌డీలోనే పెట్టిన. మిత్తి సరిపోతలేదు. కొంచెం షేర్లల్ల పెడదామనుకుంటున్న, కానీ అసలు పోవద్దు" అన్నారు. షేర్లలో అసలు పోదని ఎవరూ హామీ ఇవ్వలేరని ముందే చెప్పాను. పోయే అవకాశాన్ని తగ్గించుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది. ఆ తర్వాత చాలా ఆదివారాలు వాళ్లింటి వరండాలో కూర్చుని కంపెనీల లెక్కలు చదివాం. సార్ చేతిలో ఎర్ర పెన్ను ఉండేది, పరీక్ష పేపర్లు దిద్దినట్టే. అక్కడ మేము ఏం చేశామో వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ డబ్బుతో కొంటున్నారో తేల్చుకోండి

కనీసం అయిదేళ్లు ముట్టుకోనక్కర లేని డబ్బుతోనే షేర్లు కొనాలి. వానాకాలం పెట్టుబడి, బిడ్డ పెళ్లికి దాచింది, ఆసుపత్రి ఖర్చుకు పక్కన పెట్టుకున్నది, ఇవేవీ ఇటు రాకూడదు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఉంటే అది ఏడాదికి 24 శాతం. దాన్ని తీర్చడం కంటే మంచి పెట్టుబడి ఏ కంపెనీ షేరూ కాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంది. షేరుకు అలాంటి బీమా లేదు. సార్ దగ్గరున్న మొత్తంలో అయిదో వంతు మాత్రమే షేర్లకు అనుకున్నాం. మిగతాది ఎఫ్‌డీలోనే, సీనియర్ సిటిజన్ స్కీములోనే ఉంది.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. కింద రాసినవన్నీ ప్రతి కంపెనీకీ చేయడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. అంత ఓపిక, తీరిక లేకపోతే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో, అంటే 50 పెద్ద కంపెనీల్లో డబ్బును కలిపి పెట్టే ఫండ్‌లో, నెలనెలా కొంత వేసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. లెక్కలు చదవకుండా విడి షేర్లు కొనడం కన్నా ఎంతో నయం.

రెండో అడుగు: చూసే కంపెనీల సంఖ్య తగ్గించుకోండి

మార్కెట్లో వేల కంపెనీలున్నాయి. అన్నిటినీ చూడక్కర లేదు. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలను లార్జ్ క్యాప్ అంటారు. మొదటి రెండేళ్లు ఆ జాబితా దాటి బయటకు పోకండి. అందులోనూ కనీసం పదేళ్ల లెక్కలు బయట ఉన్నవే తీసుకోండి. పదేళ్లంటే కరోనా ఏడాది కూడా లోపలికి వస్తుంది. 2020లో ఆ కంపెనీ ఎలా నిలబడిందో కనిపిస్తుంది.

తర్వాత, ఆ కంపెనీ ఎవరికి ఏం అమ్మి డబ్బు సంపాదిస్తుందో రెండు వాక్యాల్లో ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి. చెప్పలేకపోతే పక్కన పెట్టేయండి.

ఇక్కడ మన జిల్లాల వాళ్లు ఎక్కువగా పొరపడేది ఒకటుంది: ఫ్యాక్టరీ కళ్ల ముందు కనిపిస్తోంది కదా అని కొనడం. కృష్ణా ఒడ్డున వాడపల్లి నుంచి మట్టపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయి నేల. పొగగొట్టాలు వరుసగా కనిపిస్తాయి. రాత్రీపగలూ లారీలు తిరుగుతుంటాయి. అది చూస్తే కంపెనీ బాగుందనిపిస్తుంది. కానీ సిమెంట్ లాభం లారీల లెక్కన రాదు. బొగ్గు ధర పెరిగి, బస్తా ధర ఇరవై రూపాయలు తగ్గితే చాలు, అవే లారీలు తిరుగుతున్నా లాభం సగానికి సగం పోవచ్చు. వాడపల్లి దగ్గరి విష్ణుపురం ప్లాంటు మొదట రాశి సిమెంట్‌ది. 1998లో రాశిని ఇండియా సిమెంట్స్ తీసుకుంది. 2024 డిసెంబర్‌లో ఆ ఇండియా సిమెంట్సే అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. ప్లాంటు కదలకుండా అక్కడే ఉంది, యజమానులు మారారు. కాబట్టి పొగగొట్టం చూసి షేరును నమ్మకండి.

మందుల కంపెనీలదీ ఇలాంటి కథే. త్రిపురారం మండలం పెద్దదేవులపల్లి దగ్గర డాక్టర్ రెడ్డీస్ ముడిమందుల యూనిట్ ఉంది. 2015 నవంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ కంపెనీ మూడు యూనిట్లకు హెచ్చరిక లేఖ ఇచ్చింది. శ్రీకాకుళం, దువ్వాడలతో పాటు మన పెద్దదేవులపల్లి యూనిట్ (కాగితాల్లో మిర్యాలగూడ యూనిట్) కూడా అందులో ఉంది. షేరు ఒక్కరోజులోనే పది శాతానికి పైగా పడింది. చాలా ప్లాంట్లు, చాలా దేశాల్లో అమ్మకాలు ఉన్న కంపెనీ కాబట్టి తట్టుకుంది. ఒకే ప్లాంటు మీద, ఒకరిద్దరు కస్టమర్ల మీద నడిచే చిన్న కంపెనీకి అదే దెబ్బ తగిలితే లేవడం కష్టం. అందుకే ప్లాంట్లు ఎన్ని, పెద్ద కస్టమర్లు ఎందరు, అమ్మకాల్లో ఎంత భాగం ఒక్కరి దగ్గర్నుంచే వస్తోంది అన్నది వార్షిక నివేదికలో వెతకండి.

మూడో అడుగు: కాగితాలు తెచ్చుకోండి

పైసా ఖర్చు లేదు. షేర్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలు బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో కంపెనీ పేరు కొడితే వార్షిక నివేదికలు, మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలు, వాటాదారుల వివరాలు అన్నీ దొరుకుతాయి. పదేళ్ల అంకెలు ఒకే పేజీలో చూడాలంటే స్క్రీనర్ లాంటి సైట్లు పనికొస్తాయి. అనుబంధ కంపెనీలు ఉంటే వాటిని కూడా కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కలే చూడండి. ఒక్క మాతృ కంపెనీనే చూపే స్టాండలోన్ లెక్కల్లో కొడుకు చేసిన అప్పు తండ్రి ఖాతాలో కనిపించదు.

రెండొందల పేజీల నివేదిక చూసి టెన్షన్ పడకండి. ముందున్న రంగురంగుల ఫొటోల పేజీలు వదిలేయండి. ఆడిటర్ రిపోర్టు, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ (నగదు రాకపోకల లెక్క), అప్పుల నోట్, రావాల్సిన బాకీల నోట్, రిలేటెడ్ పార్టీల నోట్ (యజమాని సొంతవాళ్లతో జరిపిన లావాదేవీలు), ఈ అయిదు చోట్ల పేజీ మడిచి పెట్టుకోండి.

నాలుగో అడుగు: అప్పు

మా దగ్గర సీజన్‌లో మిల్లు యార్డు నిండా వడ్ల బస్తాలు గుట్టలుగా ఉంటాయి. కొత్తవాళ్లు చూసి 'ఓనర్ కోటీశ్వరుడు' అనుకుంటారు. అందులో చాలా భాగం సర్కారు ధాన్యం. క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇచ్చేయాలి. గుట్ట తనది కాదు, బాధ్యత మాత్రం తనది. కంపెనీ ఆస్తులు చూసేటప్పుడు కూడా ఇదే అడగాలి: ఇందులో సొంతం ఎంత, తిరిగి ఇవ్వాల్సింది ఎంత?

రెండు అంకెలు చాలు. మొదటిది, మొత్తం అప్పును వాటాదారుల సొంత నిధులతో భాగించండి. నేను 0.5 దాటితే ఆగుతాను. రెండోది, వడ్డీ, పన్ను కట్టకముందు లాభాన్ని కట్టాల్సిన వడ్డీతో భాగించండి. లాభం 100 కోట్లు, వడ్డీ 20 కోట్లు అయితే 5 రెట్లు. 5 కన్నా తక్కువైతే నాకు నిద్ర పట్టదు. 2కు దగ్గరైతే అటువైపు చూడను. ఈ హద్దులు నా అనుభవంతో పెట్టుకున్నవి, మీరు ఇంకా గట్టిగా పెట్టుకోవచ్చు. ఒక్క ఏడాదిది చూసి ఊరుకోకండి. పదేళ్లలో అప్పు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే అసలు సంగతి.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకు ఈ లెక్క పనికిరాదు. అప్పే వాళ్ల సరుకు. మొండి బాకీలు, మూలధన నిష్పత్తి చదవడం నేర్చుకునేదాకా వాటిని ముట్టుకోకండి. 2020 మార్చిలో యెస్ బ్యాంకు మీద మారటోరియం పెట్టినప్పుడు ఖాతాదారులకు 50 వేలకు మించి తీసుకునే వీల్లేకుండా పోయింది. వందకు మించి షేర్లున్నవాళ్ల వాటాలో 75 శాతం మూడేళ్లు అమ్మకుండా బిగించారు. 2021లో ఇళ్ల అప్పులిచ్చే డీహెచ్ఎఫ్ఎల్ కంపెనీ చేతులు మారినప్పుడు వాటాదారులకు ఒక్క పైసా రాలేదు.

అయిదో అడుగు: లాభం చేతికొచ్చిందా?

ఎక్కువ సేపు కూర్చోవాల్సింది ఇక్కడే.

ఉద్దెరకు అమ్మితే పుస్తకంలో అమ్మకం రాస్తాం, లాభం కూడా రాస్తాం. డబ్బు మాత్రం రాదు. మా మిల్లుల్లో బియ్యం హైదరాబాద్ వ్యాపారికి పోయిన రోజే లాభం పుస్తకంలోకి ఎక్కుతుంది. చెక్కు రావడానికి రెండు నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి రానే రాదు. కంపెనీల్లో జరిగేదీ అదే, అంకెలే పెద్దవి.

చేయాల్సింది ఇది. అయిదేళ్ల నికర లాభాలు కూడండి. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు అని ఉండే వరుసను కూడా అదే అయిదేళ్లకు కూడండి. లాభం 500 కోట్లు, నగదు 450 కోట్లో అంతకు మించో ఉంటే గింజ గట్టిదే. లాభం 500 ఉండి నగదు 120 మాత్రమే ఉంటే మిగతా 380 ఎక్కడుంది? ఎవరి దగ్గరో బాకీగా ఉండాలి, లేదా గోదాంలో అమ్ముడుపోని సరుకుగా ఉండాలి. రెండూ కాకపోతే ఇంకా పెద్ద సమస్య. ఒక్క ఏడాది తేడా వస్తే భయపడక్కర లేదు, అయిదేళ్లు వరసగా వస్తే వదిలేయండి.

ఈ లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. 2018 మొదట్లో ఫోన్‌లో ఒక గ్రూపులో చెప్పారని ఒక చిన్న కంపెనీలో 40 వేలు పెట్టాను. రెండు వారాలు పెరిగింది. తర్వాత రోజూ 5 శాతం లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు ధర పడగలిగే హద్దు దాకా పడేది. పొద్దున్నే అమ్మకానికి ఆర్డర్ పెట్టేవాణ్ని, సాయంత్రానికి అది అలాగే ఉండేది, కొనేవాడు లేడు. ఇరవై అయిదు రోజులకు అమ్ముడుపోయింది. చేతికొచ్చింది సుమారు 11 వేలు. ఆ తర్వాత కూర్చుని ఆ కంపెనీ నివేదిక చదివాను. అమ్మకాలు 60 కోట్లు, అందులో రావాల్సిన బాకీ 48 కోట్లు అని ఒక నోట్‌లో స్పష్టంగా ఉంది. అంటే తొమ్మిది నెలలకు పైగా అమ్మకాల డబ్బు బయటే ఉంది. ఊళ్లో ఏ మిల్లు లెక్కలోనైనా ఇలా కనిపిస్తే వెంటనే ఓనర్‌ను పిలిచి అడిగేవాణ్ని. నా సొంత డబ్బు దగ్గర అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

బాకీల రోజులు లెక్కగట్టడం తేలికే: రావాల్సిన బాకీని అమ్మకాలతో భాగించి 365తో హెచ్చవేయండి. అదే రంగంలోని మరో రెండు కంపెనీలతో పోల్చండి. మిగతావాళ్లకు 45 రోజులుండి ఈ కంపెనీకి 150 ఉంటే సరుకును బలవంతంగా డీలర్ల మీద రుద్దుతోందేమో అనుకోవాలి.

ఆరో అడుగు: యజమానులు

వాటాదారుల వివరాలు మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో బయటకు రావాలి. అందులో ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) వాటా ఎంత, అందులో తాకట్టులో ఉన్నది ఎంత అన్నది చూడండి. తమ షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్న ప్రమోటర్ ఉంటే, ధర పడినప్పుడు అప్పిచ్చినవాడు వాటిని అమ్మేస్తాడు. ధర ఇంకా పడుతుంది. జాగ్రత్తపరులకు తాకట్టు సున్నా ఉండటమే మంచిది.

హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ గుర్తుందా? మన జిల్లాల నుంచి ఎందరో పిల్లలు అందులో ఉద్యోగాలు చేశారు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటకు వచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఉంది. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ రోజు 40కి పడిపోయింది. నగదు చూడమని ఇంతసేపు చెప్పాను కదా, అక్కడ నగదే అబద్ధం. వడ్డీ కూడా అబద్ధంగానే రాశారు. మరి ముందే ఏమీ కనిపించలేదా? కనిపించింది. 2008 డిసెంబర్ 16న ఆ కంపెనీ తన డబ్బుతో ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటానంది. వాటాదారులు మండిపడితే గంటల్లోనే వెనక్కి తగ్గింది. అప్పటికే ప్రమోటర్ల వాటా పది శాతం లోపు, అదీ తాకట్టులో. డిసెంబర్ 16కూ జనవరి 7కూ మధ్య మూడు వారాలున్నాయి.

అందుకే రిలేటెడ్ పార్టీల నోట్ దగ్గర సార్ ఎర్ర పెన్ను ఎక్కువసార్లు ఆగేది. యజమాని కుటుంబ కంపెనీలకు అప్పులు, అడ్వాన్సులు, అద్దెలు, ట్రేడ్‌మార్క్ ఫీజులు, ఇవి ఏటేటా పెరుగుతుంటే అక్కడితో ఆపేయండి. ఆడిటర్ గడువు ముగియకుండానే రాజీనామా చేసినా, రిపోర్టులో 'క్వాలిఫైడ్ ఒపీనియన్' (లెక్కల మీద ఆడిటర్‌కు అభ్యంతరం ఉందని) అన్న మాట ఉన్నా అంతే. వివరణలు వినక్కర లేదు. మనం ఆ ఒక్క కంపెనీయే కొనాలని రూలేం లేదు కదా.

ఏడో అడుగు: డివిడెండ్

కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచేదే డివిడెండ్. సార్‌కు మొదట నచ్చిన కంపెనీ డివిడెండ్ రాబడి (షేరు ధరలో డివిడెండ్ ఎంత శాతమో అది) దాదాపు 9 శాతం అని చూపించింది. ఎఫ్‌డీ కన్నా ఎక్కువ కదా అన్నారు. విడదీసి చూశాం. ఏడాది కింద 100 రూపాయలున్న షేరు 45కు పడింది. పోయినసారి ఇచ్చిన 4 రూపాయల డివిడెండ్‌ను ఇప్పటి 45తో భాగిస్తే 8.9 శాతం వస్తోంది. రాబడి పెరగలేదు, ధర పడింది. లాభం చూస్తే షేరుకు 3 రూపాయలే. 3 సంపాదించి 4 పంచే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

లాభంలో సగం దాకా పంచుతూ, పదేళ్లలో ఒక్కసారీ ఎగ్గొట్టని కంపెనీ 2 శాతం ఇచ్చినా నాకు అదే ఇష్టం. డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షలకు పైబడిన లాభం మీద 12.5 శాతం, ఏడాదిలోపే అమ్మితే 20 శాతం.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు ధర

ఇక్కడి దాకా నిలబడిన కంపెనీకే ధర చూడండి. పీఈ అంటే ఒక రూపాయి లాభానికి మనం ఎన్ని రూపాయలు ఇస్తున్నామో ఆ లెక్క. దాన్ని తిరగేసి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పీఈ 50 అంటే వంద రూపాయలు పెడితే కంపెనీ మన తరఫున సంపాదించేది 2 రూపాయలు. పీఈ 20 అంటే 5 రూపాయలు. దాన్ని ఎఫ్‌డీ మిత్తితో పోల్చి చూసి, తక్కువ పడ్డదంతా ఎదుగుదల మీద ఆశ అని తెలుసుకుని కొనండి. అదే కంపెనీ పదేళ్ల సగటు పీఈతో పోల్చండి. సగటు కన్నా చాలా పైన ఉంటే ఆగండి. మంచి కంపెనీ ఎక్కడికీ పోదు.

సిమెంట్, ఉక్కు, చక్కెర లాంటి వాటిలో ఇది తిరగబడుతుంది. ధరలు బాగున్న ఏడాది లాభం ఎక్కువ కాబట్టి పీఈ తక్కువగా, చవగ్గా కనిపిస్తుంది. మరుసటి ఏడాది లాభం పడిపోతే అదే షేరు ఖరీదైనదని తెలుస్తుంది. మిర్చి ధర బాగా పలికిన ఏడాది చూసి పక్క ఏడాది కౌలు ఒప్పుకున్న రైతును అడగండి, ఇంతకన్నా బాగా చెబుతాడు. ఈ రంగాలకు ఒక్క ఏడాది లాభం వద్దు, ఏడేళ్ల సగటు లాభంతో లెక్కగట్టండి.

తొమ్మిదో అడుగు: ఎంత కొనాలి

ఒక్క కంపెనీలో మీ షేర్ల డబ్బులో 5 నుంచి 8 శాతం మించొద్దు. ఒక్క రంగంలో 20 శాతం మించొద్దు. సత్యం లాంటిది మళ్లీ వస్తే చదివినవాళ్లూ పట్టుకోలేకపోవచ్చు, అప్పుడు మనల్ని కాపాడేది ఈ హద్దు ఒక్కటే. ఒకేసారి కూడా కొనకండి. నాలుగు భాగాలు చేసి, మూడు నెలలకో భాగం, ఆ త్రైమాసికం ఫలితాలు చదివాక కొనండి. ఈలోపు ఏదైనా తేడా కనిపిస్తే మూడు భాగాలు మీ దగ్గరే ఉంటాయి.

కొన్న రోజే నోట్‌బుక్‌లో ఎందుకు కొన్నారో అయిదు లైన్లు రాయండి. ఏం జరిగితే అమ్మేస్తారో కూడా రాయండి: అప్పు ఇంత దాటితే, తాకట్టు మొదలైతే, ఆడిటర్ మధ్యలో వెళ్లిపోతే. ధర పడటం ఆ జాబితాలో ఉండకూడదు. షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాకు నామినీ పేరు పెట్టారో లేదో ఈ రోజే చూసుకోండి. నామినీ లేక ఇంట్లో ఆడవాళ్లు కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం నేను కళ్లారా చూశాను.

ఎవరైనా ఫోన్ చేసి ఫలానా షేరు కొనమంటే సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. రీసెర్చ్ అనలిస్టులకు అది ఐఎన్‌హెచ్ అక్షరాలతో, పెట్టుబడి సలహాదారులకు ఐఎన్ఏతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ (రాబోయే ధర మీద పందెం లాంటి ఒప్పందాలు) పేరెత్తితే ఫోన్ పెట్టేయండి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, ఆ నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీయే లెక్క తేల్చింది.

సార్, నేను కలిసి ఇప్పటికి పదకొండు కంపెనీలు చూశాం. నాలుగు అప్పు దగ్గర, మూడు బాకీల దగ్గర, ఒకటి రిలేటెడ్ పార్టీల నోట్ దగ్గర ఆగిపోయాయి. ఇంకొకటి అన్నిట్లో బాగుంది, ధరే ఎక్కువ. సార్ నోట్‌బుక్‌లో దాని పేరు రాసి, పక్కన తాను కొనే ధర రాసి పెట్టుకున్నారు. మిగిలిన రెండిట్లో మొదటి భాగం కొన్నారు. రెండో భాగం వచ్చే త్రైమాసికం ఫలితాలు చదివాక.